పోయిన బోర్ల పైపులు

ఎల్లారెడ్డిలో నీటి సరఫరా పనుల మీద సహాయ ఇంజనీరుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ పొందిన తరువాత, నేను రెండుసార్లు బర్మా సరిహద్దుకు వెళ్ళాను. మొదటిసారి మా క్రైస్తవ సంఘం పంపింది. రెండోసారి ఎవరూ పంపలేదు. ఆ రెండు ప్రయాణాలకు మధ్య గడిచిన మూడు నెలల సంగతి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ అప్పటి అలసట మోకాళ్ళలోకి తిరిగి వచ్చేది. కాగితాలు మడిచి లేచేవాణ్ణి.

మిజోరం రాష్ట్రపు తూర్పు అంచున ఒక చిన్న నది పారుతుంది. దాని అవతలి గట్టు బర్మా. అక్కడ సైన్యం ఊళ్ళ మీద పడ్డప్పుడల్లా జనం ఈ గట్టుకు దాటి వచ్చి, కొండల మీద వెదురుతోనూ ప్లాస్టిక్ పట్టాలతోనూ గుడిసెలు వేసుకుని ఉంటున్నారు. వారి మధ్య సువార్త పని చేయాలని కామారెడ్డిలోని మా సంఘపు మిషన్ కమిటీ తీర్మానించి ముగ్గురిని ఎంపిక చేసింది. ఒకరు ఎల్లారెడ్డిలో ఉండే యువ పాస్టరు. మరొకరు లింగంపేట అవ్వ. ఆమె ఇంట్లో బీడీలు చుట్టి బతుకుతూ, నలభై ఏళ్ళుగా ఏ జీతమూ లేకుండా ఊరూరా తిరిగి ప్రార్థనలు చేస్తున్న మనిషి. మూడో వాణ్ణి నేను. శిబిరంలో నీటి ఎద్దడి ఉందని ఉత్తరం రావడం వల్ల నన్ను కలిపారు. సగం దూరానికి సరిపడా పైపు మొదటి విడతలో ఇస్తామని, మిగతా సగం మా నివేదిక చూశాక పంపుతామని కమిటీ చెప్పింది.

నవంబరులో బయలుదేరాము. కామారెడ్డి నుంచి శిబిరం చేరడానికి ఐదు రోజులు పట్టింది. రైలులో అవ్వ కిటికీ పక్కన కూర్చుని, ఆకు లేకుండా, తంబాకు లేకుండా, ఖాళీ వేళ్ళతోనే బీడీలు చుడుతూ ఉండేది. అది అలవాటని ఆమెకు తెలియదు.

చేరిన తొలి ఆదివారమే మా పొరపాటు బయటపడింది. బర్మీసు లిపిలో అచ్చు వేయించిన కరపత్రాల పెట్టెలు నాలుగు మాతో వచ్చాయి. 'యేసు ఎవరు?' అన్నది వాటి శీర్షిక. వెదురు తడికల ప్రార్థనాలయంలో పాస్టరు అదే విషయం మీద దుబాసీ సాయంతో నలభై ఐదు నిమిషాలు ప్రసంగించాడు. జనం కదలకుండా విన్నారు. ముగిశాక వారి పెద్ద ఒకాయన లేచి, ఇంత దూరం వచ్చినందుకు మాకు కృతజ్ఞతలు చెప్పి, తమ ముత్తాతలకు ఈ మాటలు మొదట చెప్పినవారిని కూడా తాము ఇలాగే స్మరించుకుంటామన్నాడు. తరువాత అందరూ లేచి నాలుగు స్వరాల్లో పాడారు. ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు. మా సంఘంలో హార్మోనియం ఉండి కూడా మేము ఒక్క స్వరం మీద నిలబడలేము.

బయటికి రాగానే అవ్వ పాస్టరు వైపు తిరిగింది.

"వీళ్ళు మనకంటె ముందుగాల్నే బాప్తిస్మంల మునిగిండ్రు పాస్టరూ. నువ్వు తాతలకు దగ్గు నేర్పినవు."

"మరి గీ పెట్టెలు మళ్ళ మోసుకపోవాల్నా అవ్వా?"

"మొయ్యి. వచ్చేటప్పుడు వద్దన్న. ఇన్నవా?"

కామారెడ్డిలో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. శరణార్థులు అనగానే దేవుణ్ణి ఎరుగనివారై ఉంటారని మేమందరం, నాతో సహా, అనుకున్నాము. స్థలం చూడకుండా అంచనా పత్రం తయారు చేసిన ఉద్యోగిని నేను నా సర్వీసులో ఎన్నిసార్లు మందలించానో లెక్కలేదు. ఈసారి నన్ను మందలించడానికి పైఅధికారి లేడు.

ఇక నా పని నీళ్ళది. శిబిరానికి పైన ఒక ఊట ఉంది. పైపు వేయవలసిన దారి వెంట కొలిస్తే దూరం పదకొండు వందల పది మీటర్లు, ఎత్తు తేడా ముప్పై ఎనిమిది మీటర్లు. మోటారు అవసరం లేదు. నీరు తన బరువుకు తానే దిగుతుంది. మూడు వారాల్లో ఊట చుట్టూ చిన్న తొట్టి కట్టి, మా దగ్గర ఉన్న నాలుగు వందల తొంభై మీటర్ల పైపు వేశాము. అది కొండ నడుమ ఒక రాతి మలుపు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి ఆడవాళ్ళు బిందెలతో దిగేవారు. కొంత దూరం తగ్గింది గాని, అందులో అతి కష్టమైన దూరం తగ్గలేదు.

శిబిరంలో వైద్యం ఒక నర్సు చూసేది. నదికి అవతల ఒక పట్టణపు ఆసుపత్రిలో ఆమె పన్నెండేళ్ళు పనిచేసి వచ్చింది. రెండు వెదురు మంచాలు, ఒక స్టవ్వు, ఒక లావుపాటి నోటు పుస్తకం: అదే ఆమె ఆసుపత్రి. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. ఆమె ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషులాగే ఉద్యోగం కోసం నేర్చుకున్నది. కిందటి ఎండాకాలంలో ఒక కాన్పు అయ్యాక తన చేతులు కడుక్కోవడానికి అర చెంబు నీళ్ళు మిగిలాయని, వాటితో తన చేతులు కడుక్కోవాలా బిడ్డను తుడవాలా అని తేల్చుకోలేకపోయానని ఆమె చెప్పింది.

నోటు పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. "మార్చిలో ఐదు కాన్పులు ఉన్నాయి. నీళ్ళు అప్పటికి ఇక్కడికి వస్తాయా?"

"ఫిబ్రవరి నెలాఖరుకు వస్తాయి" అన్నాను.

ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో సామగ్రి చేతికి రాకుండా నేను ఎవరికీ తేదీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఆమె పెన్సిలుతో రాసుకుంది.

కమిటీకి ఇవ్వవలసిన నివేదిక ఒక అచ్చు ఫారం. దాని మీద పాస్టరు, నేను ఇద్దరమూ సంతకం చేయాలి. అందులో తొమ్మిదో గడి 'కొత్తగా విశ్వసించినవారి సంఖ్య'. తిరిగి వచ్చాక, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వెళ్ళే బస్సులో పాస్టరు ఆ ఫారం ఒళ్ళో పెట్టుకుని నా వైపు జరిగాడు.

"సారు, ఆదివారం నేను చేతులెత్తమంటె అందరు ఎత్తిండ్రు గద. గవ్వే రాద్దాం. నూటిరవై."

"ప్రార్థనకు ఎత్తిండ్రు పాస్టరూ. కొత్తగ నమ్మి ఎత్తలే."

"నాకు తెల్వదా? కమిటీకి ఒక అంకె గావాలె. నూటిరవై రాస్తె పైపు వస్తది. సున్న రాస్తె రాదు. గంతే లెక్క."

"కొలవకుంట నేను అంకె రాయ."

"మీరు కొలిచిందే రాస్తె ఆ నర్సమ్మకు ఏం జెప్తరు?"

నేను కిటికీ బయటికి చూశాను. పొలాల్లో వరి కోతలు అయిపోయి, మక్క చేల మధ్య మడులు బోసిగా ఉన్నాయి. తొమ్మిదో గడిలో సున్న పెట్టి సంతకం చేశాను. కాసేపటికి అతను కూడా చేశాడు.

కమిటీ అధ్యక్షుడు చెడ్డవాడు కాదు. హెడ్మాస్టరుగా రిటైరైన మెత్తని మనిషి. ఎవరి ఇంట్లో చావు జరిగినా మొదట వెళ్ళేది ఆయనే. ఆయన ఫారం రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"మూడు వారాలు ఏం జేసిండ్రు మీరు?"

"నాలుగు వందల తొంభై మీటర్ల పైపు ఏసినం సార్. ఇంక ఆరు వందల ఇరవై గావాలె."

"నేను పైపు అడుగుతలేను."

"వాళ్ళు ముందునుంచే విశ్వాసులు సార్. మనమే ఎరుకలేక పోయినం."

"మరి విశ్వాసుల దగ్గర్కి పోతె అది మిషన్ పని ఎట్లయితది? మీరే చెప్పుండ్రి, మీరు చదువుకున్నోళ్ళు."

మార్చిలో కాన్పుల సంగతి చెప్పాను. ఆయన తల వంచి విన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. కాని మిషన్ పేరున ఇచ్చినవారికి జవాబు చెప్పుకోవాలి గనుక, మిగతా పైపును సహాయ కార్యక్రమాల కింద జూన్ తరువాత పరిశీలిస్తామని రాయించాడు. తరువాత ప్రార్థన చేశాడు. ప్రార్థనలో నర్సును కూడా జ్ఞాపకం చేశాడు.

కామారెడ్డి బస్టాండులో చాయ్ తాగుతుండగా పాస్టరు అన్నాడు: "మీ సున్న వాళ్ళ గొంతు తడుపుతదా సారు?"

కోపంతో అన్నట్టు లేదు. అతను కూడా అలసిపోయి ఉన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. ఆ తరువాత రెండు వారాలు నేను ఇంటి గేటు దాటలేదు. నాకు నిద్ర పట్టేది, ఆకలి వేసేది. ఏ పనికీ లేవాలని మాత్రం అనిపించేది కాదు. అబద్ధం రాయలేదన్న తృప్తి ఉంటుందనుకున్నాను. లేదు. ఒక గడిలో నేను సరైన అంకె వేసినందుకు కొండ మీద ఐదుగురు ఆడవాళ్ళు నీళ్ళు లేకుండా కనవలసి ఉంది. ఆ లెక్క ఎన్నిసార్లు చేసినా అలాగే వచ్చేది.

జనవరి మొదట్లో అవ్వకు జ్వరమని తెలిసి లింగంపేట వెళ్ళాను. ఆమె వాకిట్లో చాట ముందు కూర్చుని బీడీలు చుడుతూనే ఉంది. ఈసారి చాటలో ఆకు, తంబాకు ఉన్నాయి.

"మొఖమేంది గట్లున్నది కొడుకా? జ్వరం నాకా, నీకా?"

ఉన్నదంతా చెప్పాను. ఆమె దారం కొరికి, గడ్డంతో పక్కింటి కొట్టం వైపు చూపింది. కొట్టపు గుంజకు నల్లని పైపు చుట్ట ఒకటి వేలాడుతోంది. దాని మీద దుమ్ము, పిచ్చుకల రెట్ట.

"గదేంది?"

"పోయిన బోరు పైపు అవ్వా."

"నీళ్ళు పారదా దాంట్ల?"

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ప్రాంతంలో బోరు ఎండిపోతే, పోయింది అంటారు. లోపలి మోటారును బయటికి లాగి, బాగు చేయించి, ఇంకో బోరులోకి దింపుతారు. పైపును మాత్రం దింపరు. పోయిన బోరు పైపు దింపితే కొత్త బోరు కూడా పోతదని నమ్మకం. అందుకే ఏ పల్లెలో చూసినా కొట్టాల గుంజలకు, చింతకొమ్మలకు ఈ నల్ల చుట్టలు ఏళ్ళ తరబడి వేలాడుతుంటాయి. సర్వీసులో ఉన్నంతకాలం ఈ నమ్మకాన్ని నేను రైతుల ముందే ఖండించాను. ఆ పైపు యాభై ఏళ్ళు చెడదని, బోరు ఎండటానికీ దానికీ సంబంధం లేదని, భూగర్భ జలమట్టం బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆ జనవరిలో మాత్రం ఈ విషయమై ఎక్కడా నోరు మెదపలేదు. వారు నా మాట విని ఉంటే నాకు ఒక్క మీటరు కూడా దొరికేది కాదు.

అవ్వ పక్కింటివాళ్ళు ఇచ్చిన పైపు నాలుగు వందల పది అడుగులు. నాకు రెండు వేల ముప్పై నాలుగు అడుగులు కావాలి. జ్వరం తగ్గిన మూడో రోజునుంచి అవ్వ నాతో బయలుదేరింది. చాలా చోట్ల లేదన్నారు. ఇద్దరు ముగ్గురు కుక్కను విప్పుతామన్నారు. రాజంపేట దగ్గర ఒక రైతు ఇంట్లో జరిగింది మాత్రం వివరంగా రాస్తాను. ఆయన డెబ్బై దాటినవాడు. ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని, బర్మా శరణార్థుల నీళ్ళ సంగతీ కాన్పుల సంగతీ మేము చెబుతుండగానే నన్ను గుర్తుపట్టాడు.

"ఎవలు, నీళ్ళ సారా? నువ్వేసిన నల్లా మా వాడకట్టుకు వచ్చేసరికి చీమల బారు లెక్క పారుతది. ఈడ ఇయ్యలేనోనివి బర్మాకు ఇస్తవా?"

"నేను దిగిపోయి రెండేండ్లాయె బాపు."

"దిగిపోయినంక అందరు గదే అంటరు." ఆయన అవ్వ మెడలోని సిలువ వైపు చూశాడు. "చక్కగ చెప్పు. మతం కలుపనీకె పోతున్నరా?"

నేను తడుముకున్నాను. అవ్వ తడుముకోలేదు.

"కలుపనీకె ఆడ ఒక్కరన్న దొరకలే బాపు. తాతలనాటి సంది వాళ్ళు కలిసే ఉన్నరు. మా పాస్టరు నాలుగు పెట్టెల కాయితాలు మోసి, మళ్ళ మోసుకొచ్చిండు. గందుకే మా పెద్దలు మిగిలిన పైపు ఇయ్యం అన్నరు."

"అంటె? మారేటోళ్ళు లేరని మీ వాళ్ళే ఇయ్యలేదా?"

"లేదు."

ఆయన చాలాసేపు నవ్వాడు. దగ్గు వచ్చిందాకా నవ్వాడు. నేను తల దించుకుని నిలబడ్డాను. మా కమిటీని ఒక పరాయి వాకిట్లో అలా బయటపెట్టుకోవడం నాకు సిగ్గనిపించింది. ఆయన కళ్ళు తుడుచుకుని లోపలికి కేక వేశాడు.

"ఏయ్, ఇంటున్నవా? బోరు పైపు అడుగుతున్నరు."

"తీసుకపోనీ" అని లోపలినుంచి ఆడగొంతు. "పొద్దుగాల లేస్తె గదే కనవడుతది."

"ఐదు వందల ఇరవై ఫీట్లు" అన్నాడు ఆయన, ఇప్పుడు నవ్వకుండా. "రెండు పంటలు పారిచ్చి పోయింది. కాన్పులకు అంటున్నవు గద. అచ్చి రాని పైపు, మరి వాళ్ళకు పట్టింపు లేదా?"

"వాళ్ళకు ఎరుక లేదు బాపు" అన్నాను.

"చెప్పకు."

బీబీపేటలో ఆరు వందలు, ఒక తండాలో ఐదు వందల అరవై. మొత్తం రెండు వేల తొంభై అడుగులు, అంటే ఆరు వందల ముప్పై ఏడు మీటర్లు. ఎల్లారెడ్డిలో మా ఇంటి వెనక ప్రతి చుట్టకూ ఒక కొన మూసి, నీరు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి పరీక్షించాను. పగుళ్ళున్న చోట పదకొండు మీటర్లు కోసి పడేశాను. మిగిలింది ఆరు వందల ఇరవై ఆరు. రెండు చుట్టలు లావు, రెండు సన్నం. వాటిని కలపడానికి బిగింపు జాయింట్లు ఏరుకోవడంలో ఇంకో వారం పోయింది. ఇవన్నీ జరిగేసరికి ఫిబ్రవరి మూడో వారం వచ్చింది.

పాస్టరుకు మేము చెప్పలేదు; కమిటీ మాట దాటమని అతన్ని అడగడం న్యాయం కాదు. అతనే ఒక సాయంత్రం మోటారు సైకిలు మీద వచ్చి పెరట్లో చుట్టలు చూశాడు. సికింద్రాబాదు పార్సెల్ ఆఫీసు దాకా తాను వస్తానన్నాడు. అక్కడ చుట్టలు తూకం మీద పెట్టాక చొక్కా దులుపుకుంటూ, "సంతకం ఏమన్న పెట్టాల్నా సారు?" అన్నాడు. పెట్టనక్కర లేదన్నాను. "బతికిన" అన్నాడు. రైలు కదిలేదాకా నిలబడి ఉన్నాడు.

పార్సెల్ గౌహతిలో నాలుగు రోజులు ఆలస్యమైంది. కొండదారిలో మట్టిపెళ్ళలు విరిగిపడి మరో రెండు రోజులు. అవ్వా నేనూ మార్చి పదో తేదీన శిబిరం చేరాము. నర్సు తేదీ దాటిందని ఒక్క మాట అనలేదు. నోటు పుస్తకం కూడా తీయలేదు. నేనే అడిగాను. ఐదు కాన్పుల్లో రెండు అప్పటికే అయిపోయాయి. ఒక తల్లి, బిడ్డ క్షేమం. రెండో తల్లికి కాన్పైన మూడో నాడు జ్వరం వస్తే జీపులో జిల్లా పట్టణానికి తీసుకెళ్ళారు. బిడ్డను వాళ్ళ అత్త చూస్తోంది. జ్వరానికి నీళ్ళే కారణమని చెప్పలేమని నర్సు అంది. ఒక నిపుణురాలు ఇంకొక నిపుణుడితో మాట్లాడే తీరులో అంది. కాదని కూడా అనలేదు.

ఆరు రోజులు పైపు వేశాము. శిబిరంలోని మగవాళ్ళు కందకం తవ్వారు, నేను జాయింట్లు బిగించాను, అవ్వ ప్రతి జాయింటు దగ్గరా ఒక రాయి పెట్టి గుర్తు చేసింది. మోకాలు వంగని చోట నేను నేల మీద పడుకుని బిగించాను. పదహారో తేదీ మధ్యాహ్నం పైన తొట్టి కవాటం తెరిచి, జాయింట్లు చూడడానికి అవ్వను పైనే ఉంచి, నర్సు గుడిసె ముందు నల్లా దగ్గరికి వచ్చాము. గాలి బుసలు కొట్టింది. తరువాత ఎర్రగా, చిక్కగా బురద వచ్చింది. పైపుల్లో ఏళ్ళుగా పట్టి ఉన్న మన బోర్ల మట్టి. వరుసలో ఉన్న ఆడవాళ్ళు బిందెలు ముందుకు జరిపారు. నర్సు చేయి అడ్డం పెట్టింది. తేటపడేదాకా వదిలేయాలని అంది. గంటా నలభై నిమిషాలు నీళ్ళు కళ్ళముందే కొండ వాలులోకి పారిపోయాయి.

తేటపడ్డాక పదిహేను లీటర్ల బకెట్టు పెట్టి గడియారం చూశాను. నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టింది. నిమిషానికి ఆరు లీటర్లు. నవంబరులో ఇదే ఊట పద్నాలుగు ఇచ్చింది. ఎండలకు ఊటే తగ్గింది. పైపు చేయగలిగింది లేదు. శిబిరంలో మేము నవంబరులో చూసినదానికంటె గుడిసెలు ఎక్కువగా ఉన్నాయి. ఈ సంగతి నర్సుకు చెప్పాను. ఆమె తల ఊపింది.

అప్పుడే మూడో ఆమెకు నొప్పులు మొదలయ్యాయని ఎవరో పిలిచారు. నర్సు చొక్కా చేతులు మడిచి నల్లా కింద చేతులు పెట్టింది. మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా, ఒక్కొక్క వేలి సందూ, సబ్బు పెట్టి, కడిగి, మళ్ళీ సబ్బు పెట్టి కడిగింది. తొందరపడలేదు. నీటి ధార సన్నంగానే ఉంది. వరుసలో ఉన్నవాళ్ళు బిందెలు కింద పెట్టి చూస్తున్నారు. ఆమె చేతులు పైకెత్తి పట్టుకుని మోచేత్తో తడిక తోసుకుని లోపలికి వెళ్ళింది.

పై నుంచి అవ్వ కేక వినిపించింది. "కొడుకా, నాలుగో రాయి కాడ కారుతున్నది!"

నేను నేల మీద చేయి ఆనించి లేచి, పానా తీసుకుని పైకి నడిచాను.